తెరమీద పొగ... తెరవెనక చెయ్యి!

మేడమెట్లు. ఎర్ర తివాచీ. సిల్కు గౌను ముడి బిగించుకుంటూ ఒక పెద్దమనిషి పైనుంచి దిగుతుంటాడు. నోట్లో పైపు. కింద హాల్లో పేదింటి కుర్రాడు చేతులు కట్టుకుని నిలబడి ఉంటాడు. పెద్దమనిషి ఆఖరి మెట్టుమీద ఆగి, పైపు నోట్లోంచి తీసి, దాని కొసతో కుర్రాణ్ణి చూపిస్తూ అంటాడు: "మా అమ్మాయిని మరిచిపోవడానికి నీకెంత కావాలి?"

ఇది ఏ సినిమాలోది అని అడక్కండి. పాత సినిమాలు పది చూసినవాళ్లకి పదిహేనింటిలో చూసినట్టుంటుంది! ఆ పైపు లేకపోతే ఆయన మామూలు నాన్నగారే. పైపు నోట్లో పెట్టగానే మిల్లులూ ఎస్టేట్లూ, బ్లాంక్ చెక్కుల పుస్తకమూ అన్నీ వచ్చేస్తాయి. నటుడికి సగం పని ఆ చెక్క ముక్కే చేసిపెడుతుంది.

ఆ పెద్దమనిషి వేషం వేసినాయన పేరు టైటిల్స్‌లో పడుతుంది. దుస్తులు కుట్టినవారి పేరూ, మేడమెట్లు వేసిన కళాదర్శకుడి పేరూ పడతాయి. మరి ఆ పైపు చెక్కినవాడి సంగతి? ఎవరతను? ఎక్కడివాడు? ఆ చెక్క ఏమిటి?

ఈ ప్రశ్న నాకు ఊరికే రాలేదు. స్టేజీమీద పరువు పోయాక వచ్చింది. ఆ ముచ్చట చెప్పి అసలు కథలోకి వెళదాం. దానికంటే ముందు ఒక్క మాట. ఇది పైపు కాల్చమని చెప్పే వ్యాసం కాదు సుమా! ఎందుకు కాదో చివర్లో మీకే తెలుస్తుంది.

పొగ రాని పైపు

విజయనగరంలో డిగ్రీ చదివే రోజులు. కాలేజీ వార్షికోత్సవంలో నాటకం వేశాం. పాత సినిమాలమీద వెటకారంగా రాసుకున్న నాటకం. హీరో వేషం అందగాడికి పోయింది. ఒడ్డూ పొడుగూ ఉన్న నాకు హీరోయిన్ తండ్రి వేషం వచ్చింది. పంతొమ్మిదేళ్లకే నెత్తిమీద పౌడరు, ఒంటిమీద మా మేనత్త చీర అంచు కుట్టిన గౌను. అన్నీ కుదిరాయి కానీ పైపు దొరకలేదు.

మా వీధి చివర ఒక వడ్రంగి తాత ఉండేవాడు. ఫొటో చూపిస్తే కాసేపు అటూ ఇటూ తిప్పి చూసి, "ఇదెంత పని!" అన్నాడు. రెండ్రోజుల్లో టేకు ముక్కతో చేసిచ్చాడు. ఉప్పుకాగితంతో రుద్ది రుద్ది నిమ్మపండులా మెరిపించాడు. చూస్తే లండన్ నుంచి దిగిందనుకోవాలి! ఇస్తూ ఒక మాట మాత్రం అన్నాడు: "పైనుంచో చిల్లు, పక్కనుంచో చిల్లు తోలీసినాను బాబూ. లోపల అవి కలిసినాయో నేదో దేవుడికెరుక."

కలవలేదు!

పొగ కనిపించాలని అందులో సాంబ్రాణి పొడి వేసి అంటించాం. డైలాగు చెప్పి ఠీవిగా పీల్చాను. గాలి రాలేదు. ఇంకాస్త పీల్చాను. బుగ్గలు లోపలికి పోయాయి తప్ప పొగ జాడ లేదు. కంగారులో ఎదురు ఊదితే పక్కన ఉన్న సందులోంచి బూడిద లేచి హీరోయిన్ మొహాన పడింది. ఆమె దగ్గింది. హాలంతా ఈలలు. నాటకానికి ఆ రోజు దక్కిన చప్పట్లన్నీ ఆ బూడిదకే.

ఆ తాతని నేను తప్పు పట్టను. రెండు చిల్లులు చెక్క లోపల, కంటికి కనిపించని చోట, వెంట్రుకవాసి తేడా లేకుండా కలుసుకోవాలి. ప్రపంచంలో ఉద్దండులైన పైపు శిల్పులు జీవితమంతా కుస్తీ పట్టింది ఆ చోటుతోనే. ఆ సంగతి నాకు తర్వాత తెలిసింది.

హోమ్స్ నోట్లోకి వంపు పైపు ఎలా వచ్చింది?

పైపు అనగానే ఎవరికైనా గుర్తొచ్చేది షెర్లాక్ హోమ్స్. తలమీద వేటగాడి టోపీ, నోట్లో గరాటాలా విచ్చుకున్న పెద్ద వంపు పైపు. నీడ చూపించినా చాలు, ఎవరో చెప్పేస్తాం.

తమాషా ఏమిటంటే ఆర్థర్ కానన్ డాయల్ రాసిన కథల్లో ఆ పైపు లేనే లేదు! 1887లో మొదలైన ఆ కథల్లో హోమ్స్ దగ్గర మట్టి పైపు ఉంది, బ్రయర్ చెక్క పైపు ఉంది, చెర్రీ కొమ్మతో చేసినది ఉంది. గరాటా పైపు మాత్రం ఎక్కడా కనపడదు.

వంపు తిరిగిన పైపుని హోమ్స్‌కి అలవాటు చేసినవాడు ఒక నటుడు. పేరు విలియం జిల్లెట్. అమెరికావాడు. 1899లో న్యూయార్కులో హోమ్స్ నాటకం మొదలుపెట్టి, ఆ వేషాన్ని వెయ్యిసార్లకు పైగా వేశాడు. నిటారు పైపు పళ్లమధ్య పెట్టుకుంటే గిన్నె మొహానికి అడ్డం. వంపు పైపైతే గిన్నె గడ్డం కిందికి జారిపోతుంది, ప్రేక్షకుడికి మొహం కనిపిస్తుంది, డైలాగు చెప్పడానికీ వీలు. జిల్లెట్ దాన్ని ఎంచుకోవడానికి ఇదే కారణమని చెప్పుకుంటారు. ఆయన 1916లో హోమ్స్‌గా నటించిన మూకీ చిత్రం పోయిందనే అందరూ అనుకున్నారు. తీరా 2014లో పారిస్‌లోని ఫ్రెంచి సినిమాటెక్‌లో దాని రీళ్లు బయటపడ్డాయి!

మరి గరాటా పైపు? దాన్ని కాలబాష్ అంటారు. చేసేది దేనితోనో తెలుసా? సొరకాయతో! మన పాములవాళ్ల నాగస్వరానికి బుర్రనిచ్చే సొరకాయ జాతే. దక్షిణాఫ్రికా రైతులు కాయ పాదుమీద ఉండగానే దాని మెడని మెల్లమెల్లగా వంచుతూ పెంచుతారు. కాయ ఎండాక వంపు తిరిగిన ఆ మెడని కోసి, పైన తెల్లరాతి గిన్నె అమరుస్తారు. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో ఇంగ్లండులో ఆ పైపుల మోజు మొదలైంది. తర్వాత వచ్చిన నాటకాలూ కార్టూన్లూ ప్రకటనలూ కలిసి ఆ సొరబుర్రని హోమ్స్ నోట్లో శాశ్వతంగా పెట్టేశాయి. రచయిత పెట్టనిది జనం పెట్టారు!

పొద కింద గడ్డ

ఇక ఆ చెక్క సంగతి. మంట పెట్టినా కాలిపోని చెక్క ఎక్కడైనా ఉంటుందా? ఉంది. దాని పేరే బ్రయర్.

మధ్యధరా సముద్రం చుట్టూ ఇటలీ, గ్రీసు, కోర్సికా, అల్జీరియా కొండవాలుల్లో ఒక పొద పెరుగుతుంది. తెల్లటి చిన్న పూలు పూస్తుంది. చూడ్డానికి గొప్పగా ఏమీ ఉండదు. గొప్పదనమంతా మట్టిలో ఉంది. కాండానికీ వేళ్లకీ మధ్య ఒక గడ్డ ఊరుతుంది. ఎండల్లో నీటిని దాచుకునేది, కార్చిచ్చు వచ్చి పైపొద మాడిపోతే మళ్లీ చిగురు పెట్టేది ఆ గడ్డే. పైపుకి పనికొచ్చేంత కావాలంటే దశాబ్దాలు పడుతుంది. అందుకే గట్టిదనం, అందుకే వేడిని తట్టుకునే గుణం.

గడ్డని తవ్వి తీశాక ఎండ తగలనివ్వరు. తడిపి తడిపి ఉంచుతారు. లేకపోతే టపటపా పగిలిపోతుంది. రంపంతో ముక్కలు కోసి, పెద్ద పెద్ద రాగి కాగుల్లో గంటల తరబడి ఉడకబెడతారు. లోపలి రసం దిగిపోవాలి. ఆ తర్వాత నీడన ఆరబెట్టడం. నెలలు పట్టొచ్చు, ఏళ్లే పట్టొచ్చు. తొందరపడ్డవాడికి పగుళ్లే మిగులుతాయి. బొబ్బిలి వీణకి పనసచెక్క, కొండపల్లి బొమ్మకి పొణికిచెక్క, ఏటికొప్పాక లక్కపిడతకి అంకుడుచెక్క ఎలాగో పైపుకి బ్రయర్ అలాగ. పని మారితే చెక్క మారుతుంది.

1850ల నుంచీ ఫ్రాన్సు కొండల్లో సాంక్లోద్ అనే ఊరు ఈ గడ్డతో పైపులు చేసి ప్రపంచానికి అమ్మింది. ఆ తర్వాత లండన్ రంగంలోకి దిగింది. 1907లో డ్యూక్ స్ట్రీట్‌లో దుకాణం పెట్టిన ఆల్ఫ్రెడ్ డన్‌హిల్, 1910లో సొంతంగా పైపులు చేయించడం మొదలెట్టాడు. ఆ పైపు నోటికాడమీద చిన్న తెల్లచుక్క ఉంటుంది. ఆ చుక్క ఉంటే చాలు, కొనేవాడు ధర అడిగేవాడు కాదు!

గీత చదివేవాడు

బ్రయర్ ముక్కని చేతిలోకి తీసుకున్న పనివాడు మొదట చేసే పని ఉలి పట్టుకోవడం కాదు, చూడడం. తడిపి చూస్తాడు, తిప్పి చూస్తాడు, వెలుతురుకి పెట్టి చూస్తాడు.

ఎందుకంటే గడ్డలో నారలు మధ్యనుంచి పైకి, ఒక బిందువు నుంచి కిరణాల్లా విచ్చుకుంటాయి. ఒక చీపురుకట్ట ఊహించుకోండి. పక్కనుంచి చూస్తే నిలువు గీతలు. కొసల వైపు నుంచి చూస్తే చుక్కలు. బ్రయర్ కూడా అంతే. నారల వెంట చెక్కితే మంటల్లా లేచిన గీతలు. అడ్డంగా చెక్కితే పిట్ట కళ్లలాంటి చుక్కలు. గిన్నె చుట్టూ నిలువు గీతలు, పైఅంచునా కిందా పిట్ట కళ్లు, ఎక్కడా ఒక్క మచ్చ లేకుండా వచ్చిందా... ఆ పైపు కోసం సేకరించేవాళ్లు వేల డాలర్లు ఇవ్వడానికి సిద్ధం!

కానీ గడ్డ పెరిగింది రాళ్లలో, ఇసుకలో. పెరుగుతూ పెరుగుతూ ఒక ఇసుక రేణువునో, చిన్న రాతిపలుకునో లోపలికి మింగేస్తుంది. ఆ సంగతి పైకి తెలియదు. మూడు రోజులు కష్టపడి, ఆఖరి రుద్దుడు రుద్దుతుండగా గిన్నె పక్కన సూదిమొనంత గుంట బయటపడుతుంది. అంతే! అప్పటిదాకా మహారాణి, ఇప్పుడు దాసి. కొందరు ఆ గుంట పూడ్చేసి తక్కువ ధరకి అమ్ముతారు. కొందరు పైపునంతా గరుకుగా చెక్కి లోపాన్ని అలంకారంలో కలిపేస్తారు. డన్‌హిల్ కంపెనీ 1917లో ఇంకో దారికి పేటెంటు తీసుకుంది. ఇసుకని జోరుగా ఊది, మెత్తని భాగం కొట్టుకుపోయి గట్టి నారలు నిలబడేట్టు చేయడం. సముద్రపు ఒడ్డున అరిగిన రాయిలా ఉంటుంది. ఇక పట్టుదల ఉన్న మహానుభావులైతే ఆ పైపుని పక్కన పారేసి కొత్త ముక్క తీస్తారు.

ఇంతకీ మా వడ్రంగి తాత ఓడిపోయిన చోటికి వద్దాం. పొగాకు వేసే గిన్నె చిల్లు వెడల్పు సుమారు 20 మిల్లీమీటర్లు. పొగ వచ్చే కాడ చిల్లు దాదాపు 4 మిల్లీమీటర్లు. ఈ చిన్నది వెళ్లి ఆ పెద్దదాని అడుగున, సరిగ్గా నడిమధ్యలో తెరుచుకోవాలి. ఎత్తులో కలిస్తే అడుగున తడిబూడిద పేరుకుంటుంది. పక్కకి జరిగితే చెక్క ఒకవైపే కాలుతుంది. వంపు పైపులో అయితే కాడ ఒకవైపు పోతుంది, చిల్లు ఇంకోవైపు చూస్తుంది. చేతిలో ముక్క, ఎదురుగా గిరగిరా తిరిగే బర్మా. చెయ్యి వణికితే ఇన్నేళ్లు పెరిగిన గడ్డ పొయ్యిలోకే!

ఆ తర్వాత నోటికాడ. గంధకం కలిపి గట్టిపరిచిన నల్ల రబ్బరు, అదే ఎబొనైట్. పళ్లమధ్య పట్టుకునే చోట కందిబద్ద మందాన ఉండాలి. అంత సన్నని దాని లోపల మళ్లీ చిల్లు, ఆ చిల్లు కొసన చేపతోకలా విచ్చుకోవాలి. ఆకురాయితో గంటలకొద్దీ పని. ఎవరికీ కనపడని పని. కొనేవాడు గీతలు చూసి మురుస్తాడు, పనివాడు మాత్రం చిల్లులు చూసి ఊపిరి పీల్చుకుంటాడు.

కోపెన్‌హాగెన్ విప్లవం

చాలాకాలం పైపంటే ఇంగ్లీషు మూస, ఫ్రెంచి మూస. ఆకారాలకి నంబర్లుండేవి. మర తిప్పితే ఒకే అచ్చులో వందలు దిగేవి. చెక్కలో గీత ఎటు పోతోందన్న గోల లేదు.

ఆ మూసని పగలగొట్టినవాడు సిక్స్‌టెన్ ఇవర్సన్. 1910లో స్వీడన్‌లో పుట్టాడు. డెన్మార్కు రాజధాని కోపెన్‌హాగెన్‌లో స్థిరపడ్డాడు. విరిగిన పైపులు బాగుచేసే దుకాణంలో పనితో మొదలయ్యాడు. విరిగినవి చూసి చూసి, అసలు ఇవి ఇలాగే ఎందుకుండాలి అన్న సందేహం వచ్చింది. మూస పట్టుకుని చెక్క దగ్గరికి వెళ్లడం మానేశాడు. చెక్క పట్టుకుని ఆకారం దగ్గరికి వెళ్లాడు. గీత వంగితే పైపు వంగింది. గీత విచ్చుకుంటే గిన్నె విచ్చుకుంది. గడ్డ పైబెరడు అందంగా ఉంటే దాన్ని అలాగే అంచుగా వదిలేశాడు. చేతిలో పట్టుకుంటే గులకరాయి పట్టుకున్నట్టు ఉండే ఆకారాలు!

అదే దేశంలో, అదే రోజుల్లో హాన్స్ వెగ్నర్, ఆర్నె యాకబ్సన్ లాంటివాళ్లు కుర్చీలకి కొత్త రూపం ఇస్తున్నారు. 1960లో కెనెడీ, నిక్సన్ టీవీలో వాదించుకున్నప్పుడు అక్కడ వేసినవి వెగ్నర్ కుర్చీలే. కుర్చీ కళైతే పైపు ఎందుకు కాకూడదు? ఇవర్సన్ కాకుండా పోలేదని చేసి చూపించాడు. 1942లో, యుద్ధంలో బ్రయర్ దొరక్క, బీచ్ చెక్కతో పైపులు మొదలెట్టిన పౌల్ నీల్సన్ తర్వాత స్టాన్‌వెల్ పేరుతో పెద్ద కంపెనీ పెట్టాడు. దానికి ఇవర్సన్ రూపకల్పనలు చేసిచ్చాడు. అలా శిల్పి గీసిన ఆకారం గుమాస్తా జేబులోకి కూడా వచ్చింది.

సిక్స్‌టెన్ 2001లో పోయాడు. కొడుకు లార్స్ తండ్రిని మించినవాడని అభిమానులు ఇప్పటికీ వాదించుకుంటారు. గుండ్రంగా ఉబ్బిన గిన్నెకి రెండు పక్కలా పిట్ట కళ్లు వచ్చేలా ఆయన చెక్కిన ఆకారానికి 'బ్లోఫిష్' అని పేరు. ఒళ్లు ఉబ్బించుకునే చేప! లార్స్ 2018లో కన్నుమూశాడు. ఆయన కూతురు నన్నా కూడా పైపు శిల్పే. తాత, కొడుకు, మనవరాలు... మన సినిమా కుటుంబాల్లాగే, కాదూ?

అన్నట్టు, ఇది మగవాళ్ల లోకం అనుకునేరు! ఆన్ జూలీ కథ వినండి. ఆమె భర్త పౌల్ రాస్ముస్సెన్ పేరున్న పైపు పనివాడు. 1967లో పోయాడు. చిత్రకారిణి అయిన ఆమె భర్త పనిముట్లు అమ్మేయలేదు. ఆయన వర్క్‌షాపులోనే కూర్చుంది. ఆడమనిషి చేసిన పైపు ఎవడు కొంటాడు అన్న రోజుల్లో తన సంతకంతో ప్రపంచమంతా అమ్మింది.

స్వీడన్‌లో బో నోర్ద్ అని ఇంకో ఘనుడు. కుర్రతనంలో మోటార్ సైకిల్ ప్రమాదంలో కాళ్లు పోయి చక్రాల కుర్చీకి పరిమితమయ్యాడు. ఆ కుర్చీలో కూర్చునే నత్తగుల్లలాగా చుట్టుకున్న పైపులు, ఏనుగు పాదంలాంటి పైపులు చెక్కాడు. చేసింది తక్కువ. చేసినదాంట్లో వంక పెట్టడానికి లేదు. 2006లో ఆయన పోయాక ఆ పైపుల కోసం సేకరించేవాళ్లు ఎగబడ్డారు. జపాన్ నుంచి హిరోయుకి తొకుతోమి ఏకంగా కోపెన్‌హాగెన్ వచ్చి ఇవర్సన్ దగ్గర పని నేర్చుకుని వెళ్లి, దాన్ని జపాను పద్ధతిలో తిరగరాశాడు. మద్రాసు వెళ్లి పెద్ద దర్శకుడి దగ్గర అసిస్టెంటుగా చేరి, తిరిగొచ్చి సొంత సినిమా తీసినట్టు!

తెల్లరాయి, మొక్కజొన్న బెండు

పైపులన్నీ చెక్కవే కావు. టర్కీలో ఎస్కిషెహిర్ అనే చోట భూమిలోంచి మీర్‌షామ్ అనే తెల్లటి తేలికైన రాయి తవ్వుతారు. ఆ జర్మన్ మాటకి అర్థం 'సముద్రపు నురగ'. తడిగా ఉన్నప్పుడు సబ్బులా కత్తికి లొంగుతుంది. సుల్తాను తలకాయలూ, సింహాలూ, ద్రాక్షగుత్తులూ చెక్కి, ఆరబెట్టి, తేనెమైనం పట్టిస్తారు. వాడేకొద్దీ తెలుపు తేనెరంగుకి, తేనెరంగు గోధుమరంగుకి తిరుగుతుంది.

ఇంకో కొసన అమెరికాలో మిస్సోరి రాష్ట్రం. అక్కడ వాషింగ్టన్ అనే చిన్న ఊళ్లో 1869 నుంచీ గింజలు వలిచేసిన మొక్కజొన్న బెండుతో పైపులు చేస్తున్నారు. జనరల్ మెకార్థర్ ఫొటోల్లో కనిపించే పొడుగాటి పైపు బెండుదే. మన చిన్నప్పటి బొమ్మల సినిమాల్లో పాలకూర తిని కండలు పెంచే పొపాయ్ నోట్లో ఉన్నదీ అదే!

అదే ఊరినుంచి ఒక డాక్టరు

ఇంతవరకూ అందం గురించి చెప్పాను. ఇప్పుడు రెండో రీలు.

మాది శ్రీకాకుళం వైపు పల్లె. మా నాయనమ్మ చుట్ట కాల్చేది. మామూలుగా కాదు, అడ్డపొగ. అంటే నిప్పున్న కొసని నోటి లోపల పెట్టుకుని కాల్చడం. ఆ వైపు ఆడవాళ్లలో పాత అలవాటు. "గాలికి ఆరదురా, శానాసేపు వస్తాది" అనేది. నాటకం ఫొటోలో నా నోట్లో పైపు చూసి ఒకటే నవ్వు. "నోట్లో ఆ గిన్నేటిరా? సుట్ట దొరకనేదేటి నీకు?"

కొన్నాళ్లకి అంగిట్లో తెల్లమచ్చ అంది. వైద్య శిబిరంలో డాక్టరు టార్చి వేసి చూసి, చుట్ట మానెయ్యమన్నాడు. ఆమె తగ్గించింది గానీ మానలేదు. తర్వాత మచ్చ పుండైంది. ఆఖరి రోజుల్లో గంజి కూడా మింగలేకపోయింది.

ఆమె పోయాక అడ్డపొగ గురించి చదవడం మొదలెట్టాను. అక్కడ నాకు ఒక పేరు తగిలింది. యెన్స్ పిండ్‌బోర్గ్. నోటి జబ్బుల నిపుణుడు. బొంబాయి టాటా పరిశోధనా సంస్థలోని దంతవైద్యులతో కలిసి శ్రీకాకుళం జిల్లా పల్లెల్లో 10,169 మంది నోళ్లు పరీక్షించిన అధ్యయనం ఆయన పేరుతో 1971లో వెలువడింది. అంగిట్లో వచ్చే మచ్చలకీ కాన్సర్‌కీ అడ్డపొగతో ఉన్న సంబంధాన్ని లెక్కలతో ప్రపంచం ముందు పెట్టిన పని అది. మా నాయనమ్మలాంటి వేలమంది నోళ్ల లెక్క!

ఆయన ఎక్కడివాడో చూశాను. కోపెన్‌హాగెన్!

ఒక్క క్షణం పుస్తకం మూసేశాను. సిక్స్‌టెన్ ఇవర్సన్ వెలుతురుకి బ్రయర్ ముక్క పెట్టి గీతలు చదువుతున్న రోజుల్లోనే, అదే ఊరి దంతవైద్య కళాశాల ప్రొఫెసరు మా జిల్లా ముసలమ్మల అంగిట్లో మచ్చలు చదివే పనిలో ఉన్నాడన్నమాట. ఇద్దరూ నిపుణులే. ఇద్దరివీ కళ్లే. ఒకరు పొగకి అందమైన ఇల్లు కట్టారు. ఇంకొకరు ఆ పొగ మనిషి ఇంటిని ఎలా కూలుస్తుందో చూపించారు.

పైపు పొగ సిగరెట్టు పొగంత చెడ్డది కాదని కొందరు అంటుంటారు. నమ్మకండి. నోరు, గొంతు, ఊపిరితిత్తుల కాన్సర్లకి అదీ దారే. పైపు ఎంత ఖరీదైనదైనా లోపలికి పోయే పొగకి ఆ సంగతి తెలియదు.

గాలిమర పెట్టిన పైపు

మరి పైపుని తెరమీంచీ చరిత్రలోంచీ తుడిచేయాలా? ఆ ప్రయోగమూ జరిగింది.

ఫ్రెంచి హాస్యనటుడు, దర్శకుడు జాక్ టాటీ పేరు వినే ఉంటారు. ఆయన సృష్టించిన ఉలో పాత్ర నోట్లో ఎప్పుడూ పైపుంటుంది. 2009లో పారిస్ సినిమాటెక్ ఆయన మీద పెద్ద ప్రదర్శన పెట్టింది. మెట్రో స్టేషన్లలో పోస్టర్లు వేయాలి. పొగాకు ప్రకటనల చట్టం అడ్డొస్తుందని ఆ పోస్టర్‌లో టాటీ నోటి దగ్గర పైపు మీద పిల్లలాడుకునే పసుపుపచ్చ గాలిమర బొమ్మ అతికించారు! అభిమానులు గొల్లుమన్నారు. కొందరు నవ్వారు, కొందరు తిట్టారు.

మన దగ్గర 2012 నుంచీ పద్ధతి వేరు. తెరమీద ఎవరైనా పొగ తాగితే కింద హెచ్చరిక పడాలి. సినిమాకి ముందూ మధ్యలోనూ ప్రకటన వేయాలి. 2013లో వూడీ అలెన్ తన 'బ్లూ జాస్మిన్'లో ఆ అక్షరాలు పడడానికి ఒప్పుకోలేదు. ఆ సినిమా మన థియేటర్లకే రాలేదు. నన్నడిగితే గాలిమర కంటే అక్షరాలే నయం. ఉన్నదాన్ని లేదని చెప్పడం లేదు, ఉన్నదాని సంగతి చెబుతున్నాం.

1929లో రెనే మాగ్రిట్ అనే బెల్జియం చిత్రకారుడు ఒక పైపు బొమ్మ వేసి, దాని కిందే ఇది పైపు కాదని రాశాడు. జనం తలలు పట్టుకున్నారు. బొమ్మలో పొగాకు కూరగలవా? లేవు కదా, మరది పైపెలా అవుతుందన్నది ఆయన వాదన. ఇవాళ సేకరించేవాళ్ల అద్దాల బీరువాల్లో అలాంటివే ఎన్నో ఉన్నాయి. కొన్న రోజునుంచీ ఒక్కసారి కూడా నిప్పు చూడని పైపులు. అయినా వాటిని చేసినవాడు చిల్లు మాత్రం సరిగ్గా కలిపే తీరతాడు. ఎవరూ చూడరని తెలిసినా సరే. అక్కడే నాకు ఆ పనిమీద గౌరవం.

మ్యూజియంలో కత్తి చూస్తాం. పిడిమీద పనితనానికి ముచ్చటపడతాం. అందంగా ఉంది కదా అని ఎవరినీ పొడవం. పైపు కూడా ఆ బీరువాలోకి చేరాల్సిన వస్తువే. చేరుతోంది కూడా. స్టాన్‌వెల్ ఉత్పత్తి డెన్మార్కు నుంచి ఇటలీకి తరలిపోయి పదేళ్లు దాటింది. ఒక్కొక్కరుగా పాత చేతులు వెళ్లిపోతున్నాయి. అలవాటు పోవడం మంచిదే. ఆ చేతుల విద్య కూడా దాంతోపాటే పోతే మాత్రం నష్టం.

ఈసారి పాత సినిమాలో పెద్దమనిషి మెట్లు దిగుతున్నప్పుడు పొగని చూడకండి, పైపుని చూడండి. గీతలు నిలువుగా ఉన్నాయో, పిట్ట కళ్లున్నాయో గమనించండి. టైటిల్స్‌లో పడని పేరు అక్కడే రాసి ఉంటుంది.

మా వడ్రంగి తాత చేసిన టేకు పైపు ఇప్పటికీ నా రాతబల్లమీద ఉంది. నిమ్మపండులా అలాగే మెరుస్తోంది. ఇంటికొచ్చినవాళ్లు చేతిలోకి తీసుకుని, "భలే ఉందే, పనిచేస్తుందా?" అని అడుగుతుంటారు.

"చెయ్యదు," అంటాను. "లోపల రెండు చిల్లులూ కలవలేదు."

కలవకపోవడమే మంచిదైందని మా నాయనమ్మ ఫొటో వైపు చూసినప్పుడల్లా అనుకుంటాను.